కట్టెల పడవ మళ్ళీ రాలేదు

విజయవాడ వైపు నుంచి చెన్నైకి వచ్చే రైలు సెంట్రల్‌కి కూతవేటు దూరంలో ఒకచోట ఆగుతుంది. ఆగకపోతే మనకే ఏదో వెలితిగా ఉంటుంది. సంచులు భుజాన వేసుకుని తలుపు దగ్గర నిలబడ్డవాళ్ళు "బేసిన్ బ్రిడ్జి దగ్గరున్నాం, ఇంకో పావుగంట" అని ఫోన్లలో చెబుతుంటారు. ఆ పావుగంటలో కిటికీలోంచి చూస్తే నల్లటి నీళ్ళు కనిపిస్తాయి. నీళ్ళనడం మర్యాద కోసమే. ముక్కు మూసుకుని తల అటు తిప్పేసుకుంటాం. ఆ వంతెనకు ఆ పేరెందుకు వచ్చిందో ఎవరూ అడగరు. బేసిన్ అంటే పడవలు వచ్చి నిలిచే నీటి మడుగు. నెల్లూరు బియ్యం, శ్రీహరికోట కట్టెలు, తీరంలోని కొటార్ల ఉప్పు ఈ నగరంలో దిగింది ఈ నీటిదారినే. రైలు రాకముందు మన జిల్లాల వాళ్ళు కొందరు మద్రాసు చేరిందీ ఈ నీళ్ళ మీదే.

నెల్లూరు, ప్రకాశం తీరంలో పాతవాళ్ళు దీన్ని ఉప్పు కాలువ అంటారు. పుస్తకాల్లో బకింగ్‌హాం కాలువ. పెదగంజాం దగ్గర మొదలై తమిళనాడులోని మరక్కాణం దాకా, సముద్రాన్ని ఒరుసుకుంటూ, 420 కిలోమీటర్లు సాగుతుంది. అందులో 257 కిలోమీటర్లు ఆంధ్రలో, 163 తమిళనాడులో. చెన్నై నగరంలోంచే 31 కిలోమీటర్లు పోతుంది. పైన పెదగంజాం దగ్గర కొమ్మమూరు కాలువ దీన్ని అందుకుంటుంది. ఆ కాలువ పట్టుకుని పైకి పోతే కృష్ణ, కృష్ణ నుంచి ఏలూరు కాలువ, ఆపైన గోదావరి, చివరికి కాకినాడ. కాకినాడలో పడవెక్కిన బియ్యం బస్తా నీటి మీదే మద్రాసు దాకా రాగలిగిన రోజులు ఉండేవి. ఇది ఆ పడవల కథ, వాటికంటే ముందు ఆ కాలువ కథ. మధ్యలో తుఫానులు వస్తాయి. తప్పంతా వాటిదేనని చెప్పుకోవడం మనకు అలవాటైపోయింది. నేనైతే అలా అనుకోను.

కాలువ మొదలైంది ఒక వ్యాపారి లెక్కల్లో. బేసిల్ కోక్రేన్ అనే స్కాట్లండు దొర ఓడలకు సరుకులు సమకూర్చే గుత్తేదారు. సొంత డబ్బు పెట్టి మద్రాసు నుంచి ఎన్నూరు దాకా తవ్వించాడు. 1806లో అందులో పడవలు నడిచాయి. దానికి కోక్రేన్ కాలువ అనే పేరే నిలిచింది. ఈ దొర గురించి ఒక పిట్టకథ చెప్పకుండా ముందుకు పోలేను. మద్రాసులో బాగా గడించి లండన్ చేరాక ఆయన అక్కడ ఆవిరి స్నానశాల పెట్టాడు. అందులో పనికి కుదిరినవాడు షేక్ దీన్ మహమ్మద్. 1810లో లండన్‌లో తొలి హిందుస్తానీ భోజనశాల తెరిచింది ఈ దీన్ మహమ్మదే. అలా మన బేసిన్ బ్రిడ్జి మురుక్కీ లండన్ కూరకూ ఒక దూరపు చుట్టరికం ఉంది.

కాశీయాత్ర చరిత్ర రాసిన ఏనుగుల వీరాస్వామయ్య ఆ యాత్రకు బయల్దేరిన 1830 నాటికి దూరప్రయాణమంటే బోయీల భుజాల మీద పల్లకీ. పడవలో దూరాలకు పోయే వీలు తర్వాతి తరాలకు గానీ రాలేదు. సర్కారు కాలువను తన చేతిలోకి తీసుకుని ఒక్కొక్క ముక్కే పొడిగించుకుంటూ పోయింది. ఉత్తరాన పులికాట్ సరస్సు దాటి దుగరాజపట్నం, కృష్ణపట్నం మీదుగా పైకి, దక్షిణాన సద్రాస్ మీదుగా కిందికి. కానీ నగరం నడిమధ్యన ఒక తుంట మిగిలిపోయింది. కూవం ఏటికీ అడయారు ఏటికీ మధ్య 8 కిలోమీటర్లు తవ్వలేదు. ఉత్తరం నుంచి వచ్చిన పడవ అక్కడితో ఆగిపోవాల్సిందే.

ఆ 8 కిలోమీటర్లు తవ్వింది కరువు. రాయలసీమ ఇప్పటికీ ధాత కరువు అని చెప్పుకునే 1876–78 కరువది. పల్లెలు ఖాళీ చేసి జనం మద్రాసు దారి పట్టారు. అప్పటి గవర్నరు డ్యూక్ ఆఫ్ బకింగ్‌హాం. కరువు పనుల కింద 1877, 78లలో కూవం, అడయారులను కలిపే కాలువ తవ్వించారు. ఖర్చు 30 లక్షల రూపాయలు. కరువు పనుల మీద వైస్రాయి పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ ఖరారు చేసిన కూలి రేటు ఒకటుంది: మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా. పౌనంటే మన లెక్కలో అరకిలో కూడా కాదు. ఆ తిండితో మట్టి మోసేవాడు బతకడని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ పై అధికారులతో పోట్లాడాడు. కూలి తర్వాత కొంత పెంచారు. అప్పటికే పోయినవాళ్ళు పోయారు. కాలువకు మాత్రం గవర్నరు గారి పేరు పెట్టారు. పెరంబూరులో ఒక బట్టల మిల్లుకు కూడా ఆయన పేరే ఉండేది. అదీ ఇప్పుడు లేదు. ఆకలిగొన్న చేతులు తవ్విన ఆ 8 కిలోమీటర్లు గుర్తుపెట్టుకోండి. తర్వాత దాని దగ్గరికే రావాలి.

ఇక పడవల సంగతి. గాలి అనుకూలిస్తే తెరచాప. గాలి పడిపోతే గెడ. గెడతో కదలనప్పుడు పడవకు తాడు కట్టి, ఆ తాడు భుజాన వేసుకుని ఇద్దరు ముగ్గురు గట్టు వెంట నడవడం. కాలువ నడకంతా ఈ మూడింటి మీదే. నీళ్ళకు ఆటుపోట్లున్నాయి. నదులు అడ్డొచ్చిన చోట మట్టం మారుతుంది. అందుకే లాకులు. లాకులోకి పడవ దూరితే వెనక తలుపు మూసి, నీళ్ళు నిండేదాకో తగ్గేదాకో ఆగి, ముందు తలుపు తెరుస్తారు. ఆ ఆగిన సేపు పడవవాళ్ళకు పొయ్యి వెలిగించుకునే వేళ. సరుకుతోపాటే మనుషులూ వచ్చేవారు. బస్తాల మధ్య చాప పరుచుకుని పడుకోవడమే ప్రయాణం. తొందరున్నవాడికి ఈ దారి పనికిరాదు. అప్పట్లో తొందరున్నవాళ్ళు తక్కువ.

దారంతట్లో గుండె దడదడలాడే చోటు ఒకటే. పులికాట్ సరస్సు. మన తెలుగులో దాని పేరు ప్రళయ కావేరి. మ్యాపులు రాసినవాళ్ళు ఈ పేరును వదిలేశారు గానీ, ఆ దీవుల్లోని మాట, బతుకు, తిండి ఎలాంటివో తెలియాలంటే స.వెం. రమేశ్ ప్రళయకావేరి కథలు చదవాలి. ఒడిశాలోని చిల్కా తర్వాత ఈ దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. ఎక్కువ భాగం ఆంధ్రలో ఉంది. దక్షిణపు కొసన తమిళుల పళవేర్కాడు. డచ్చివాళ్ళు 1613లో కోట కట్టుకున్న ఊరది, వాళ్ళ సమాధులు ఇంకా ఉన్నాయి. కాలువలో ఉన్నంతసేపు గట్టు మీద మనిషి తాడు పట్టుకుని లాగగలడు. సరస్సులోకి వచ్చాక గట్టే లేదు. నీళ్ళు లోతు లేకపోయినా వెడల్పుకు అంతులేదు. గాలి తిరిగితే గెడ తప్ప దిక్కు లేదు. దాని పేరులోనే ప్రళయం ఉందని పడవవాళ్ళకు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

ఆ పడవలు ఏం తెచ్చేవో చూస్తే మద్రాసు ఎలా బతికిందో తెలుస్తుంది. నెల్లూరు మొలగొలుకులు వచ్చేవి. ఆ బియ్యం మీద మద్రాసు తెలుగువాళ్ళకు ఉన్న మమకారం గురించి చెప్పనక్కర్లేదు. ఉప్పు వచ్చేది. సెంట్రల్ వెనక సాల్ట్ కోటార్స్ అని ఒక చోటుంది, రైల్వే వాళ్ళ కాగితాల్లో ఇప్పటికీ ఆ పేరే. అది మన కొటారే. ఉప్పు కొటార్లు ఇంగ్లీషు ముఖం వేసుకుని అక్కడ కూర్చున్నాయి. పులికాట్ నుంచి గుల్ల వచ్చేది. దాన్ని కాల్చి సున్నం చేస్తే, ఆ సున్నం రుద్దిన గోడలు పాలరాయిలా మెరిసేవి. మద్రాసు చునాం అని దొరలు మురిసిపోయింది దీని గురించే. కానీ వీటన్నిటికంటే ఎక్కువగా కావలసింది వంటచెరుకు. శ్రీహరికోట అడవిలో యానాదులు కొట్టిన కట్టెలు, తీరం పొడుగునా పెంచిన సరుగుడు తోటల కట్టెలు పడవల నిండా వచ్చి నగరంలో ఒడ్డు ఒడ్డునా దిగేవి. మైలాపూరులో ఆ ఒడ్డున కట్టెల అడితులుండేవి. కాలువ ఒక్క వారం పూడిపోతే మద్రాసులో కట్టెల ధర పెరిగేది. ధర పెరిగితే గగ్గోలు పుట్టేది. గగ్గోలు పుడితే సర్కారు కదిలేది. నా ఉద్దేశంలో ఈ కథ మర్మమంతా ఇక్కడే ఉంది.

తుఫానులు ఈ కాలువకు కొత్త కాదు. బంగాళాఖాతం ఒడ్డున ఇసుకలో గీసిన గీత అది. ప్రతి పెద్ద తుఫానుకూ ఏదో ఒక ఏటి మొగ దగ్గర ఇసుక మేట వేసేది, గట్టు తెగేది, లాకు తలుపు విరిగేది. 1927 నవంబరులో నెల్లూరును కుదిపేసిన తుఫాను లాంటివి వచ్చిపోయాయి. తర్వాత కూడా పడవలు నడిచాయంటే ఎవరో పారలు పట్టుకుని వచ్చారనే కదా అర్థం. ఆ వచ్చినవాళ్ళను రప్పించింది పొయ్యి. మద్రాసులో ప్రతి ఇంటికీ పొద్దున్నే కట్టె కావాలి.

పడవకు మొదటి పోటీ 1899లో వచ్చింది. ఆ ఏడాదితో బెజవాడ నుంచి మద్రాసుకు నేరుగా రైలు దారి పడింది. కాటన్ దొర బతికుండగా నీటి రవాణా రైలుకంటే ఎంతో చవక అని చెప్పి చెప్పి అలిసిపోయాడు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన చేతులతోనే, రైళ్ళ మీద పెట్టే డబ్బును కాలువల మీద పెట్టండని ఎన్నో కాగితాలు రాశాడు. ఎవరూ వినలేదు. ఆయనా ఆ 1899లోనే కన్నుమూశాడు. మనుషులు రైలెక్కారు. బస్తాల్లో కొన్ని రైలెక్కాయి. బరువుకు తగ్గ ధర లేని సరుకులు మాత్రం పడవను వదల్లేదు. కట్టె, ఉప్పు, గుల్ల. ఇందులో ఒక తమాషా ఉంది. తొలిరోజుల్లో మద్రాసు రైలింజన్లు కట్టెల మీదే నడిచేవి. తీరం వెంట సరుగుడు తోటలు పెరిగిందీ కొంత ఆ ఇంజన్ల కడుపు నింపడానికే.

తర్వాత 1953. అంతకు ముందటి ఏడాది పొట్టి శ్రీరాములు మైలాపూరులో ప్రాణం వదిలిన ఇల్లు ఈ కాలువకు ఎంతో దూరం లేదు. అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది, మద్రాసు మనకు రాలేదు. "మద్రాసు మనదే" అన్నవాళ్ళు నగరం గురించి ఏడ్చారు. ఒకే నీటిదారి రెండు రాష్ట్రాల మధ్య తెగిపోయిందని ఏడ్చినవాళ్ళు ఎవరున్నారో నాకు తెలియదు. అంతకుముందు ఒకే సర్కారు, ఒకే ప్రజాపనుల శాఖ. ఇప్పుడు పైన పూడిక తీస్తే లాభం కింద నగరానికి. కింద లాకు బాగుచేస్తే లాభం పైన కట్టె కొట్టేవాడికి. ఎవరి లాభం కోసం ఎవరు ఖర్చు పెడతారు? ఈలోగా ఉత్తరాది ట్రంకు రోడ్డు మీద లారీలు మొదలయ్యాయి. లారీకి లాకుల్లేవు, గాలితో పనిలేదు.

1965లో తుఫాను వచ్చింది. మళ్ళీ 1966 నవంబరు 3న మరొకటి, మద్రాసునే కొట్టింది. రేవులో ఉన్న ఓడలు లంగర్లు తెంపుకున్నాయి. స్టమాటిస్ అనే ఓడ కొట్టుకొచ్చి మెరీనా ఒడ్డున కూరుకుపోయింది. దాని ఇనుప అస్థిపంజరం చాలా ఏళ్ళు అక్కడే కనిపించేది. పెద్ద ఓడకే ఆ గతి పట్టినప్పుడు ఇసుకలో గీసిన కాలువ సంగతి వేరే చెప్పాలా? గట్లు కోసుకుపోయాయి, మొగలు మూసుకుపోయాయి. 1976లో ఇంకో తుఫాను మిగిలినదాన్ని పాడుచేసింది. ఆ మరుసటి ఏడాదే దివిసీమ ఉప్పెన. శవాలు లెక్కపెట్టుకునే రోజుల్లో ఆ తీరంలో పడవ కాలువ గురించి అడిగే నోరెవరిది?

అయితే ఈసారి పారలు ఎందుకు రాలేదు? తుఫాను మునుపటికంటే పెద్దదని కాదు. పొయ్యి మారిపోయింది. కిరసనాయిలు స్టవ్వు వచ్చింది, వెనకే గ్యాసు సిలిండరు వచ్చింది. కట్టెల అడితి మూసేసి అక్కడ ఇంకేదో కట్టుకున్నారు. కట్టె ధర పెరిగిందని గగ్గోలు పెట్టే గొంతు ఒక్కటీ మిగల్లేదు. కట్టెలు వచ్చే చోటే మారిపోయింది. 1969లో శ్రీహరికోటను రాకెట్ల కోసం ఎంచుకున్నారు. 1971 అక్టోబరు 9న అక్కణ్ణుంచి తొలి రోహిణి రాకెట్ ఎగిరింది. ఒకప్పుడు పడవలో కట్టెలు పేర్చిన దీవి నుంచి ఇప్పుడు ఉపగ్రహాలు పోతున్నాయి. అది గొప్పే, కాదనను. సూళ్ళూరుపేట నుంచి ఆ దీవికి సరస్సు మధ్యన కట్ట పోసి రోడ్డు వేశారు. ప్రళయ కావేరి నీళ్ళు రెండు ముక్కలయ్యాయి. యానాదుల కట్టెల పని పోయింది.

ఇక్కడ ఇంగ్లండులోని ఒక సరస్సు దగ్గరికి వెళ్ళి వద్దాం. కోనిస్టన్ సరస్సులో గోండోలా అనే ఆవిరి పడవ 1859 నుంచి ప్రయాణికుల్ని తిప్పేది. 1936లో ఆపేశారు. ఎవరో దాన్ని ఇల్లుగా చేసుకున్నారు. 1963–64 శీతాకాలంలో తుఫాను గాలికి ఒడ్డుకు కొట్టుకొచ్చి పాడుబడిపోయింది. అంతటితో అయిపోవాల్సిందే. కానీ అక్కడ జనం చందాలు వేసుకున్నారు, నేషనల్ ట్రస్టు పూనుకుంది, బారోలోని ఓడల కర్మాగారంలో కొత్త ఒళ్ళు చేయించారు. 1980లో గోండోలా మళ్ళీ ప్రయాణికుల్ని ఎక్కించుకుంది. మన 1966 తుఫానుకు మూడేళ్ళ ముందు ఆ పడవ ఒడ్డున పడింది. మన 1976 తుఫాను తర్వాత నాలుగేళ్ళకు అది నీళ్ళలోకి దిగింది. ఆ ఊరివాళ్ళకు ఆ పడవతో పనేమీ లేదు, దాన్ని చూడటం ఇష్టం, అంతే. మనం పని ఉన్నన్నాళ్ళే ప్రేమిస్తాం. ఇది నిందగా అనడం లేదు, పేదవాళ్ళ ప్రేమలు అలాగే ఉంటాయి. కానీ 1980 నాటి మద్రాసు మరీ అంత పేదదేం కాదు.

పని ఉన్నచోట మన వాళ్ళు ఏం చేయగలరో కూడా చూడండి. తుఫాను వచ్చిన ఆ 1976లోనే మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీల కృష్ణా నీళ్ళు మద్రాసుకు ఇవ్వడానికి ఒప్పుకున్నాయి. 1983లో ఎన్టీఆర్, ఎంజీఆర్ ముందు నిలబడి తెలుగుగంగ మొదలుపెట్టించారు. 1996లో నీళ్ళు తమిళనాడు సరిహద్దు దాటాయి. కండలేరు నుంచి పూండికి వచ్చే ఆ కాలువ పాడై నీళ్ళు ఇంకిపోతుంటే, పుట్టపర్తి సత్యసాయి ట్రస్టు డబ్బు పెట్టి దాన్ని బాగుచేయించింది. దాహం వేసింది కాబట్టి. కృష్ణ నీళ్ళు చెన్నైకి కొత్త దారిన వచ్చాయి. కృష్ణ పడవలు వచ్చిన పాత దారిని ఎవరూ అడగలేదు.

అడగలేదు అనడం సరికాదేమో. అడిగారు, వేరే పనికి. ధాత కరువు కూలీలు తవ్విన ఆ 8 కిలోమీటర్లు నగరం మధ్యన ఖాళీగా, కొనక్కర్లేని నేలగా కనిపించాయి. స్థల సేకరణ లేదు, కోర్టు గొడవలు తక్కువ. ఆ కాలువ వెంటే, చాలాచోట్ల దాని నీళ్ళలోనే కాంక్రీటు స్తంభాలు దింపి, పైన రైలు వేశారు. 1995లో చేపాకం దాకా, 1997లో మైలాపూరు దాకా, 2007లో వేళచ్చేరి దాకా. తిరుమయిలై స్టేషన్లో ప్లాట్‌ఫారం చివర నిలబడి కిందికి తొంగి చూశాను. ఒక స్తంభం, దాని పక్కన మురుగు, గుర్రపుడెక్క, ఇంకో స్తంభం. సరుగుడు కట్టెల పడవ తిరిగిన మలుపు అదేనంటే పక్కనున్న కాలేజీ పిల్ల నవ్వి "పడవా, ఇక్కడా?" అంది. ఆ పిల్ల తప్పేమీ లేదు.

అంత అవమానం జరిగాక కూడా ఆ కాలువ ఒకసారి నగరానికి మేలు చేసింది. 2004 డిసెంబరు 26 పొద్దున సునామీ అల తీరాన్ని దాటి వచ్చినప్పుడు, పెదగంజాం నుంచి చెన్నై దాకా 300 కిలోమీటర్లకు పైగా ఈ కాలువ ఆ నీళ్ళను తనలోకి తీసుకుంది. కొన్నిచోట్ల పొంగింది. పది పదిహేను నిమిషాల్లో నీళ్ళు మళ్ళీ సముద్రం వైపు మళ్ళాయి. కాలువకు అవతలి పల్లెల్లో చాలామంది బతికారని శాస్త్రజ్ఞులు తర్వాత రాశారు. దాని మీద చెత్త పోసిన చేతులనూ అది కాపాడిందన్నమాట.

ఆ తర్వాత ఢిల్లీకి జ్ఞాపకం వచ్చింది. 2008 నవంబరులో కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా కాలువలు, గోదావరి, కృష్ణ కలిపి 1,078 కిలోమీటర్లను జాతీయ జలమార్గం–4గా చట్టంలో ప్రకటించారు. మన పాత దారే, అంకె తగిలించుకుని వచ్చింది. అప్పటినుంచి ప్రతి కొన్నేళ్ళకూ పేపర్లో "బకింగ్‌హాం కాలువలో మళ్ళీ పడవలు" అని వార్త వస్తుంది. 2017లో కృష్ణలో ముక్త్యాల, విజయవాడల మధ్య కొంత పని మొదలైంది. మద్రాసు వైపు స్తంభాలు అలాగే ఉన్నాయి. ఇంజనీరును కాను గానీ, మైలాపూరు స్తంభాల మధ్యనుంచి సరుకు పడవ ఎలా వస్తుందో ఏ నక్షాలోనూ చూడలేదు. నగరం అవతల, ఎన్నూరుకు ఉత్తరాన, పని జరిగితే జరగవచ్చు. నగరంలో మాత్రం ఆ ఆశ పెట్టుకోవడం మనల్ని మనం మోసం చేసుకోవడమే.

సరస్సు మీద పడవ ఎక్కాలన్న కోరిక మాత్రం నగరానికి చావలేదు. 2011 క్రిస్మస్ రోజున సరదాకు వచ్చినవాళ్ళు కొందరు పళవేర్కాడు దగ్గర పడవ ఎక్కారు. పడవ తిరగబడి 22 మంది మునిగిపోయారు. తరతరాలు ఆ నీళ్ళ మీద బస్తాలతో, బిడ్డలతో రాత్రిళ్ళు దాటిన దారి అది. నీటి సంగతి తెలిసిన చేతులు పోయాక పడవ ఒక ఆటవస్తువైంది. ఆ తర్వాత అక్కడ విహారపు పడవలను నిషేధించారు.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వచ్చింది. మనలి వైపు కర్మాగారాల చమురు వరద నీళ్ళతో కలిసి బకింగ్‌హాం కాలువలోకి దిగింది. కాలువ దాన్ని మోసుకుంటూ ఎన్నూరు కయ్యలోకి తెచ్చింది. కోక్రేన్ దొర 1806లో పడవలు నడిపిన చివరి మజిలీ ఎన్నూరే. జాలర్ల పడవలకు, వలలకు, ఇళ్ళ గోడలకు నల్లటి జిడ్డు పట్టింది. డబ్బాలతో, చేతులతో ఆ నూనె తోడిన జాలర్ల ఫోటోలు పేపర్లలో వచ్చాయి. దాదాపు 50 ఏళ్ళుగా సరుకు లేక ఖాళీగా ఉన్న కాలువ ఆ వారం మళ్ళీ సరుకు మోసింది.

సరస్సు కూడా తగ్గిపోతోంది. ఆంధ్ర వైపు రాయదొరువు, కొండూరుపాళెం మొగలు ఇసుకతో పూడిపోయి, సముద్రపు నీరు లోపలికి రాక, ఎండాకాలంలో ప్రళయ కావేరి చాలా మేర ఎండిపోతుంది. రాజహంసలు, గూడబాతులు ఇంకా వస్తున్నాయి గనుక సూళ్ళూరుపేటలో వాటి పేర పండుగ చేస్తున్నారు. మొగలు తీయిస్తామనే మాట ప్రతి ఎన్నికకూ వినిపిస్తుంది.

తడ దగ్గర భీములవారిపాళెం రేవు ఉంది. చెన్నై నుంచి రెండు గంటల ప్రయాణం, వెళ్ళి చూడవచ్చు. సరస్సు లోపల ఇరకం అనే దీవి ఉంది, దాని మీద ఊరుంది, బడి ఉంది, మనుషులున్నారు. వాళ్ళ బియ్యం, వాళ్ళ గ్యాసు సిలిండర్లు, వాళ్ళ పెళ్ళికూతుళ్ళు, నొప్పులొచ్చిన ఆడవాళ్ళు దాటేది పడవ మీదే. తుఫాను హెచ్చరిక వస్తే పడవ ఆపేస్తారు. గాలి తగ్గగానే మళ్ళీ వేస్తారు.